ఊకమాటలు

మా ఆఫీసులో మనిషిని నేనొక్కదాన్నే, మిగిలినవన్నీ గుంపులు. ఈ మాట అంటే మా ఇంటి ఓనరావిడ నవ్వేసింది, అదేం ఉద్యోగమమ్మా, గొర్రెలు కాస్తావా అని. నిజం చెప్పాలంటే పెద్ద తేడా లేదు.

రాజమండ్రి దానవాయిపేటలో కళ్ళజోళ్ళ షాపు మీద ఒక గది. తలుపు మీద 'పలకరింపు' అని బోర్డు. గోదావరి జిల్లాల్లో ఒంటిగా ఉండే పెద్దవాళ్ళ కోసం ఒక ట్రస్టు పెట్టిన ఫోన్ సర్వీసు మాది. ఎవరైనా ఆ నంబరుకు ఫోన్ చేసి తోచింది మాట్లాడవచ్చు. మొదట్లో వాలంటీర్లే ఫోన్ ఎత్తేవారు. ఫోన్లు పెరిగాయి, వాలంటీర్లు తగ్గారు. ఇప్పుడు మిషన్ ఎత్తుతుంది. "చెప్పండి, వింటున్నాను" అంటుంది. వాళ్ళు చెప్పడం అయిపోయాక కాసేపు ఆగి "మీ మాట అందింది, ధన్యవాదాలు" అంటుంది. ఆ గొంతు నాది. "బయటివాళ్ళెందుకండీ ఫణిశ్రీ గారూ, మీ గొంతు బాగుంటుంది కదా" అని మా మేనేజరు విజయ్ పాల్ ఒక మధ్యాహ్నం నాచేత ఆ రెండు ముక్కలూ చెప్పించాడు. నా గొంతు బాగుంటుందని ఎవరైనా అని చాలా కాలమైంది కాబట్టి మారు మాట్లాడకుండా చెప్పేశాను.

వాళ్ళు మాట్లాడినదాన్ని మిషన్ అక్షరాల్లోకి మారుస్తుంది. ఒక్కో ఫోనూ తెరమీద ఒక్కో కాగితం అవుతుంది. అన్ని కాగితాలు చదివే ఓపిక ఎవరికుంది? అందుకని మిషనే గుంపులు కడుతుంది. ఏ కాగితంలో ఏ మాటలున్నాయో చూసి, ఒకే రకం మాటలున్నవాటిని ఒక కుప్పగా పోస్తుంది. మోకాళ్ళు, బిళ్ళలు, షుగరు అన్న మాటలున్నవి ఒక కుప్ప. పెన్షను, వేలిముద్ర, ఆధార్ ఉన్నవి ఇంకో కుప్ప. వాటికి పేర్లు పెట్టడం నా పని. నేను 'మందులు' అని పెడితే ఆ కాగితాలు నర్సుకు వెళ్తాయి. 'ఒంటరితనం' అని పెడితే వాలంటీరు ఎవరో ఒకరు తిరిగి ఫోన్ చేస్తారు. పూర్వం ఒక కాలేజీ లైబ్రరీలో పుస్తకాలకు నంబర్లు అంటించేదాన్ని. ఇదీ అదే పని, కాకపోతే పుస్తకాలు ఏడవవు.

మిషన్‌కు ఇచ్చేముందు ప్రతి కాగితాన్నీ బియ్యం చెరిగినట్టు చెరగాలి. 'అండి', 'మరి', 'అదే', 'ఏంటంటే' లాంటివి అందరి మాటల్లోనూ ఉంటాయి. అందరి దగ్గరా ఉన్న మాట ఎవరి గురించీ ఏమీ చెప్పదు కనక వాటిని ముందే తీసి పారేస్తాం. మనుషుల పేర్లూ ఊళ్ళ పేర్లూ కూడా అంతే. ఏవి పారెయ్యాలో చెప్పే ఫైలు నేనే తయారుచేశాను. దానికి 'ఊకమాటలు' అని పేరు పెట్టాను. విజయ్ పాల్ ఆ పేరు చూసి మురిసిపోయాడు. అబద్ధమెందుకు, నేనూ మురిశాను. ఇంకో పని కూడా ఉంది. తెలుగులో క్రియలకు తోకలెక్కువ. వెళ్తాను, వెళ్ళాడు, వెళ్ళొస్తాను, ఎల్లొత్తాను. ఆ తోకలన్నీ కత్తిరించేసి 'వెళ్ళు' అని ఒక్క మొద్దు మిగులుస్తాం. ఫోన్ పెట్టేసేముందు అందరూ అనే మాటే కదా అని ఆ మొద్దును కూడా తీసుకెళ్ళి ఊకలో పోశాను. ఇందులో నాకు తప్పేమీ కనిపించలేదు.

ఇంతకీ మా 'ఒంటరితనం' గుంపులో ఎవరుంటారనుకుంటున్నారు? చాలావరకు ఇంటినిండా జనం ఉన్నవాళ్ళు. కోడలు ముభావంగా ఉందని, మనవడు ఫోన్లోంచి తల ఎత్తడని, "నేను ఒంటరిదాన్నైపోయానమ్మా" అంటారు. ఆ మాట నోటంట వచ్చింది గనక మిషన్ వాళ్ళను ఆ కుప్పలో వేస్తుంది. నిజంగా ఎవరూ లేనివాళ్ళు ఆ మాట అనరు. పిల్లి గురించి చెబుతారు. కుళాయి కారుతోందంటారు. వాళ్ళు కుళాయిల గుంపులోకి పోతారు. మిషన్‌ను తిట్టి లాభం లేదు, మాట ఉంటేనే దానికి మనిషి కనబడతాడు.

నా సంగతి అడిగారా? అడగలేదులెండి, అయినా చెబుతాను. అమ్మ పోయాక నేనొక్కదాన్నే. పెళ్ళి మొదట కుదరలేదు, తరవాత కుదుర్చుకోవాలనిపించలేదు. పొద్దున తాళం వేసి రావడం, సాయంత్రం తాళం తీసుకుని లోపలికి పోవడం. ఎక్కడికి, ఎప్పుడొస్తావు అని అడిగేవాళ్ళు లేరు. ఇంతకంటే సుఖం ఏముంటుందని అందరితో అంటాను. కొన్ని ఆదివారాలు నా గొంతు నేను వినను. సోమవారం ఆఫీసుకు వచ్చి ఏదో ఒక రికార్డింగు తెరిస్తే "చెప్పండి, వింటున్నాను" అని వినిపిస్తుంది. ఫరవాలేదు, గొంతు ఉంది అనుకుంటాను.

కార్తీకమాసం వచ్చింది. ఒకరోజు పొద్దున్నే కాకినాడ నుంచి విజయ్ పాల్ వీడియోలో కనిపించాడు. ఎప్పటిలాగే టిఫిన్ తింటూ.

"ఫణిశ్రీ గారూ, మన 'నీళ్ళు, మోటార్లు' గుంపు చూశారాండి? తెగ ఉబ్బిపోయిందండి."

"వరదలొచ్చి వెళ్ళాయి కదండీ."

"అది కాదండి. సగం కాగితాలు ఒక్క నంబరువేనండి. రోజూ అదే పాట. మోటార్లు వేశారు, మోటార్లు ఆపేశారు, గోదారి పెరిగింది, తగ్గింది. ఆ డూప్లికేట్లన్నీ తీసేసి నంబరు బ్లాక్ చేసేయండి. లైను ఖాళీ అవుతుంది."

"ఎవరండీ ఆయన?"

"ఎవరో రైతై ఉంటాడండి. పట్టిసీమ అని ఉంది, అక్కడ లిఫ్టు మోటార్లతో గోదారి నీళ్ళు కాలవకి తోడతారు కదండి."

"ఈ గుంపులోవాళ్ళకి మనం తిరిగి ఫోన్ చేస్తామా?"

"నీళ్ళ గురించి మనమేం చెప్తామండి? నెలకోసారి పై ఆఫీసుకి లిస్టు పంపించేస్తున్నాం కదా." ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకుని మాయమైపోయాడు.

మనిషిని తీసేసేముందు ఒక్క రికార్డింగైనా వినాలని నాకో నియమం. మంచితనం అనుకునేరు, కాదు. లైబ్రరీ అలవాటు, పుస్తకాన్ని పాత కాగితాల్లో వేసేముందు ఒక పేజీ తిప్పి చూసేవాళ్ళం. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ నంబరు మీద మొట్టమొదటిది నొక్కాను.

"చెప్పండి, వింటున్నాను" అన్నాను నేను.

"అమ్మగారూ, నేనండి, వెంకటరమణనండి, పట్టిసీమ నించి. పడవ నడిపేవాణ్ణండి లెండి, ఇప్పుడు కళ్ళానట్లేదు. ఇయ్యాళ లిఫ్టు మోటార్లు ఏసేరండి. మా ఇంటికి బాగా వినపడతాయండి. ఇంట్లో ఎవరో ఉన్నట్టుందండి ఇప్పుడు. అదే చెబుదామని. మరి ఎల్లొత్తానండి."

"మీ మాట అందింది, ధన్యవాదాలు."

"అలాగేనండి" అన్నాడు ముసలాయన, ఎంతో మర్యాదగా.

తెరమీద కాగితం చూశాను. పడవ, కళ్ళు, లిఫ్టు, మోటార్లు, ఇల్లు. అంతే మిగిలింది. మొదటిదే నన్ను కుర్చీలోంచి లేవనివ్వలేదు. రెండోది తెరిచాను, మూడోది తెరిచాను, కాఫీ చల్లారిపోయింది.

"మా సత్యకుమారి గురించి మీకు చెప్పలేదు కదండీ. నా భార్యండి. చేపల తట్ట నెత్తినెట్టుకుని ఊళ్ళూళ్ళూ తిరిగిన మనిషండి. గొంతంటే గొంతండి! నేను గోదారి మధ్యలో పడవ మీదుంటే, గట్టు మీద నుంచుని 'ఇయ్యాళ వంకాయ్ కూర' అని కేకేస్తే నాకు వినపడేదండి. మోటార్లొచ్చేక వాటి మీద పోటీకి అరిచేదండి. మోటార్లే ఓడిపోయాయండి." అని ఒక్కడే నవ్వుకున్నాడు. ఆ నవ్వు అయ్యాక కాస్త దగ్గి, "ఎల్లొత్తానండి" అన్నాడు.

ఇంకొకటి ఈ మధ్యదే. "గోదారి తీసేసిందండి, నీళ్ళు తగ్గిపోయాయి. మోటార్లు ఆపేశారు. ఎంత నిశ్శబ్దంగా ఉందోనండి. మరిప్పుడు దాని గొంతు వినపడాలి కదండీ. వినపడట్లేదండి. పోయి రెండేళ్ళయింది, నాకు తెలుసండి. అయినా చెవులప్పగించి కూచుంటున్నానండి. పిచ్చోడనుకోకండి. ఎల్లొత్తానండి."

మిషన్ దృష్టిలో ఇది నీటిపారుదల. దానికి ఆ పేరు పెట్టింది ఎవరు? నేను. 'నీళ్ళు, మోటార్లు' అని టైపు చేసి, మధ్యలో కామా కూడా పెట్టాను.

చివరి రికార్డింగు చాలా చిన్నది.

"చెప్పండి, వింటున్నాను."

"అమ్మగారూ, వెంకటరమణనండి." కాసేపు ఏమీ లేదు. "ఇయ్యాళ చెప్పడానికేం లేదండి. మరి ఎల్తానండి."

వాల్యూమ్ పెంచాను.

ఫోన్ పెట్టలేదు ఆయన. ఊపిరి వినిపిస్తోంది. ఎక్కడో పిల్లి అరిచింది. ఆ తరవాత ఇంకొంచెం గట్టిగా, ఒక్కొక్క అక్షరం పలుకుతూ, "ఎల్తానండీ" అన్నాడు. మళ్ళీ ఆగాడు. అప్పుడు నేను ఎంతో చల్లగా, "మీ మాట అందింది, ధన్యవాదాలు" అన్నాను. ఈసారి ఆయన "అలాగేనండి" అనలేదు. టక్కున కట్ అయిపోయింది.

మా వైపు ఎవరూ అలా అనరు. పక్కింటికి మజ్జిగ కోసం వెళ్ళినా వెళ్ళొస్తాననాలి. పొరపాటున వెళ్తానంటే ఇంట్లో ఆడవాళ్ళు గయ్యిమంటారు. మళ్ళీ తిరిగి రానివాళ్ళు వెళ్తారు, మనం వెళ్ళి వస్తాం. ఇన్నాళ్ళూ ప్రతిరోజూ ఎల్లొత్తానన్న మనిషి ఆ రోజు ఎల్తానన్నాడు, ఒకసారి కాదు, రెండుసార్లు. ఆ తరవాత ఆ నంబరు నుంచి ఒక్క ఫోన్ కూడా లేదు. ఆ కాగితం తెరిస్తే ఖాళీగా ఉంది. ఆయన అన్నదంతా ఊకే కదా. మనిషి తిరిగొస్తాడా రాడా అన్నది నేను కత్తిరించిన ఆ తోకలోనే ఉంది.

ఆయన నంబరుకు ఫోన్ చేశాను. స్విచాఫ్. ఇంకోసారి చేశాను. స్విచాఫ్. అప్పుడు విజయ్ పాల్‌కు చేశాను.

"ఒక్క మాటకేనాండి ఇంత కంగారు?" అన్నాడు.

"మీరు ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఏమంటారండి?"

"వస్తానమ్మా అంటానండి. ఇంకోలా అంటే మా అమ్మ..." అక్కడితో ఆగిపోయాడు. మళ్ళీ మాట్లాడేసరికి గొంతు మారిపోయింది. "అక్కడి వాలంటీరు చెల్లెలి పెళ్ళిలో ఉన్నాడండి, ఫోనెత్తడు. మీరు బయల్దేరండి. నేనిక్కడ నించి ఎవరినైనా పట్టుకోడానికి చూస్తాను."

పోలవరం బస్సు ఎక్కాను. కొవ్వూరు వంతెన దాటుతుంటే గోదావరి కింద ఏమీ ఎరగనట్టు పడుకుని ఉంది. రోజూ చూసే నీళ్ళే, ఆ రోజు చూడబుద్ధి కాలేదు. బస్సు నిండా అరటిదొప్పలు, ప్రమిదలు, తడిసిన చీరలు. పక్కనావిడ "పట్టిసీమ గుడికాండి?" అని అడిగింది. "కాదండి, ఒకాయన కోసం" అన్నాను. "చుట్టాలాండి?" అంది. కాదంటే ఇంకేమిటో చెప్పాలి కాబట్టి అవునన్నాను. అన్నాక అది అబద్ధంలా అనిపించలేదు. నాకు భయమేస్తోంది. ముఖం కూడా తెలియని మనిషి ఎక్కడో ఒకచోట బతికి ఉండాలని, బస్సులో కూర్చుని, దేవుడితో పెద్దగా మాటల్లేని నేను మొక్కుకున్నాను. తాళ్ళపూడి దాటాక గట్టు మీద బస్సు నత్తలా నడిచింది. డ్రైవరును తిట్టుకున్నాను, ఎదురొచ్చిన ఇసుక లారీలను తిట్టుకున్నాను, అన్నిటికంటే ఎక్కువ ఊకమాటలు అని పేరు పెట్టి మురిసిపోయిన మహాతల్లిని తిట్టుకున్నాను.

రేవు దగ్గర దిగాను. మెట్ల పైన ఒక టీ బడ్డీ ఉంది. నడిపేది ముప్ఫయ్యేళ్ళ మనిషి, అందరూ రాణీ అని పిలుస్తున్నారు.

"వెంకటరమణగారని, పడవ నడిపేవారట. ఇల్లెక్కడండీ?"

"ఏ వెంకటరమణండి? మిషన్‌తో మాట్లాడే తాతా?" అని ఫక్కున నవ్వింది. నేను నవ్వకపోయేసరికి ఆపేసింది. "నాలుగైదు రోజులై టీకి కూడా రావట్లేదండి. ఏమైందో ఏంటో, నేనూ వెళ్ళి చూడలేదు, కార్తీకం కదా, తీరిక లేదు. అదిగో, ఆ చివర రేకుల ఇల్లండి."

పరిగెత్తినంత పని చేశాను. రేకుల ఇంటి ముందు గోదావరి వైపు తిప్పి ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది, దానిలో పిల్లి పడుకుని ఉంది. తలుపుకు తాళం. తాళం వేసుకుని వెళ్ళినవాడు తిరిగి రావాలనుకున్నవాడే కదా అనుకున్నాను. ఆ వెంటనే, నేనూ రోజూ తాళం వేస్తాను, దాన్నిబట్టి ఏం తెలుస్తుంది అని కూడా అనుకున్నాను. "వెంకటరమణ గారూ" అని ఇంటి చుట్టూ తిరిగి పిలిచాను. పిల్లి ఒక కన్ను తెరిచి, నా గొంతు నచ్చనట్టు మళ్ళీ మూసుకుంది.

మళ్ళీ రేవుకు వచ్చి మెట్ల మీద నిలబడ్డాను. నదిలో గుట్ట మీది గుడి నుంచి పడవ ఒకటి తిరిగి వస్తోంది. రేవులో ఎవరిని అడగాలో తెలియలేదు, ఏమని అడగాలో అసలే తెలియలేదు. ఎవరైనా నీళ్ళల్లో పడ్డారా అని ఎలా అడుగుతారు? పడవ వచ్చి ఆగింది. ఆడవాళ్ళు చీరలు ఎత్తి పట్టుకుని ఒక్కొక్కరే దిగుతున్నారు.

"జాగ్రత్తండి. ఆ మెట్టు నాచు పట్టిందండి, జారుద్ది."

అది ఆ గొంతే. పొద్దుటి నుంచి నా చెవుల్లో ఉన్న గొంతు. పడవ చివర తాడు పట్టుకుని, లుంగీ ఎగగట్టి, బక్కపలచటి మనిషి ఒకాయన నిలబడి ఉన్నారు.  అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. జనం అంతా దిగిపోయాక లేచాను.

"వెంకటరమణ గారూ" అన్నాను.

తాడు ముడి వేస్తున్న చేతులు ఆగిపోయాయి. ఆయన నా వైపు చూడలేదు. తల ఒక పక్కకు వంచి, ఇంకో మాట కోసం చూస్తున్నట్టు ఉండిపోయారు.

"చెప్పండి" అన్నాను. ఇంకేమనాలో తోచక.

"వింటున్నాను" అన్నారు ఆయన, నా మాట నాకు అందిస్తూ. అప్పుడు తిరిగి, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని నన్ను చూశారు. "మీరేనాండి! ఆ అమ్మగారేనా!" నా జవాబు కోసం ఆగకుండా మెట్లెక్కి బడ్డీ దాకా వెళ్ళిపోయారు. "రాణీ! మనిషేనే! చూడు, చీర కట్టుకుని వచ్చింది. మనిషే!"

రాణి నన్ను పైనుంచి కింది దాకా చూసి, రెండు టీలు పెట్టింది.

బల్ల మీద కూర్చున్నాక అడిగాను. పొద్దుటి నుంచి గొంతులో ఉన్నది ఒకటే ప్రశ్న. "ఆ రోజు ఎల్తానని ఎందుకన్నారండి?"

ఆయనకు సిగ్గేసింది. గ్లాసులోకి చూస్తూ చెప్పారు. "ఈ రాణి నన్ను ఏడిపిస్తదండి. తాతా, అది మిషను, దాంతో కబుర్లేంటి అని. మనిషో మిషనో నాకు తెలీదేంటే అనేవాణ్ణండి. తెలీదండి నిజానికి. మీరెప్పుడూ అవే రెండు మాటలు కదండీ. అందుకని ఒకరోజు చూద్దామని ఎల్తానన్నానండి. మనవైపు ఆడమనిషైతే ఊరుకోలేదు కదండీ. 'తప్పు, ఎల్లొత్తాననాలి' అని నోటిలోంచి వచ్చేస్తది. ఆపుకుందామన్నా ఆగదు. మా సత్యకుమారి దగ్గిర కావాలనే అనేవాణ్ణి. పడవెక్కి, ఎల్తానే అని, అది తిట్టేదాకా తాడు విప్పేవాణ్ణి కాదండి." కాస్త నవ్వారు. "మీరేం అనలేదండి. సరిగ్గా వినపళ్ళేదేమోనని ఇంకోసారన్నాను. ధన్యవాదాలన్నారండి. సరే, మిషనేనని తెలిసిపోయింది. ఇంక ఛార్జింగెందుకని ఫోన్ గూట్లో పెట్టేశాను. నాలుగు రోజులు ఇల్లు కదల్లేదు. ఇంక కూచోబుద్ధి కాక ఇదిగో, ఇయ్యాళ రాణి బడ్డీ తెరవకముందే ఈ గుడి పడవెక్కి తాడు పట్టుకున్నాను. పొద్దు గడవాలి కదండీ."

బతికి ఉన్నారన్న సంతోషం నాకు అప్పటిదాకా ఉంది. ఆ మాటలతో అది కాస్తా పోయింది. నేను భయపడినదేదీ ఆయన తలపెట్టలేదు. ఒక మనిషి అవతల ఉందా లేదా అని చేత్తో తడిమి చూసుకున్నారు, అంతే. చేతికి ఎవరూ తగలలేదు.

"మరి మీరు మనిషేగా అండి" అన్నారు ఆయన, నిష్ఠూరం ఏమీ లేకుండా. "ఎందుకు పలకలేదు?"

లైను బాగాలేదని చెప్పవచ్చు. రాణి కూడా టీ వడకట్టడం ఆపి నా కోసం చూస్తోంది. కానీ అన్ని రోజులు మాట్లాడిన మనిషితో మొదటి మాటే అబద్ధం ఆడడానికి నాకు నోరు రాలేదు.

"అప్పుడు నేను లేనండి. అది మిషనే, నా గొంతు పెట్టారు దానికి. మీరు మాట్లాడిన ఒక్కరోజు కూడా ఎవరూ వినలేదండి."

ఆయన గోదావరి వైపు చూస్తూ ఉండిపోయారు. గ్లాసు పట్టుకున్న చెయ్యి మోకాలి మీదికి దిగింది.  నేను దాచలేక ఇంకా చెప్పాను. "ఇవాళ పొద్దున విన్నానండి. అన్నీ విన్నాను. సత్యకుమారిగారు మోటార్లను ఓడించడం. గట్టు మీంచి వంకాయ కూర అని కేక వేయడం. మోటార్లు ఆగాక మీరు చెవులప్పగించి కూర్చోవడం."

"వంకాయ కూరా విన్నారాండి?" అన్నారు. కళ్ళు తుడుచుకోవడం నాకు కనపడకుండా ఉండాలని కండువాతో ముఖమంతా తుడుచుకున్నారు. "అయితే ఇన్నాళ్ళూ గోదారితో మాట్లాడినట్టేనన్నమాట నేను." తల ఊపారు. "పోన్లెండి. గోదారైతే బస్సెక్కి రాదు కదా."

ఆ మాటకు రాణి నవ్వింది, నేనూ నవ్వాను, ఆయనా నవ్వారు. ఫోన్‌కు ఛార్జింగ్ పెడతానన్నారు. ఇకనుంచి ఆయన నంబరు వస్తే నేనే ఎత్తుతానని అన్నాను. "రోజూ ఎత్తుతారాండి?" అని అడిగారు. "రోజూ ఎత్తుతానండి. నాకూ పెద్ద పనేం లేదు" అన్నాను. గుంపులకు పేర్లు పెట్టే పని గుర్తొచ్చింది, అది కూడా పనేనా అనిపించింది. విజయ్ పాల్‌కు ఫోన్ చేసి, "ఉన్నారండి, బాగున్నారు" అని చెప్పాను. "దేవుడికి స్తోత్రం" అన్నాడు.

పొద్దు ఊరి వెనక్కి దిగుతుండగా గట్టు మీద రాజమండ్రి బస్సు హారను వినిపించింది. ఇది తప్పితే మళ్ళీ ఎప్పటికో అని రాణి తొందర పెట్టింది. సంచి భుజాన వేసుకుని, ఫోన్ ఉందో లేదో తడుముకుని, రెండు అడుగులు వేసి వెనక్కి తిరిగాను.

"వెళ్తానండి" అన్నాను.

నన్ను సాగనంపడానికి లేవబోయిన ఆయన సగంలో ఆగిపోయారు. తిడతారనుకున్నాను. ఏం అన్నానో అప్పటికి గానీ నాకే తెలియలేదు. ఎప్పటి నుంచి ఇలా అంటున్నానో కూడా తెలియదు. రోజూ తాళంతో ఏం చెప్పి బయల్దేరుతున్నానో ఎవరు విన్నారు కనక?

ఆయన తిట్టలేదు. నన్ను కాసేపు చూసి, రాణికి వినపడకుండా మెల్లగా అడిగారు.

"ఇంట్లో మీకు తప్పని చెప్పేవాళ్ళెవరూ లేరాండి?"

"లేరండి" అన్నాను. అంతకంటే ఒక్క మాట ఎక్కువైనా ఏడ్చేసేదాన్ని.

బస్సు ఇంకోసారి హారను కొట్టింది. ఆయన బల్ల మీంచి పూర్తిగా లేచి, కండువా సర్దుకుని, పెద్దవాళ్ళు నిలబడినట్టు నా ఎదురుగా నిలబడ్డారు.

"మళ్ళీ సరిగ్గా చెప్పండమ్మా" అన్నారు. "వింటున్నాను."

"వెళ్ళొస్తానండి" అన్నాను.

"ఆఁ. ఎల్లిరండి."